గద్దెలు కూల్చిన సలహాలు

1917 మార్చి 15న ప్స్కోవ్ స్టేషన్లో ఆగి ఉన్న రైలుపెట్టెలో రష్యా చక్రవర్తి రెండో నికొలస్ గద్దె దిగుతున్నట్టు సంతకం పెట్టాడు. తమ్ముడు మిఖాయిల్‌కు అప్పగిస్తే అతను మర్నాడే నాకొద్దన్నాడు. 1613 నుంచి ఏలుతున్న రొమానోవ్ వంశం అంతటితో సరి. ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత, 1948లో, మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. 1802 నాటి పర్మనెంటు సెటిల్మెంటు మీద నిలబడ్డ జమీలు రైత్వారీలోకి వచ్చేశాయి. అప్పటి కృష్ణా జిల్లాలోని మా మైలవరం, పక్కనే నూజివీడు, దాన్నుంచి అన్నదమ్ముల పంపకాల్లో విడిపోయిన ఉయ్యూరు, మీర్జాపురం, అన్నీ అదే దారి పట్టాయి.

అక్కడ జారు కుటుంబాన్ని 1918 జులైలో యెకతెరిన్‌బర్గ్‌లో ఒక ఇంటి నేలమాళిగలో కాల్చి చంపారు. ఇక్కడ జమీందార్లకు పరిహారం ఇచ్చి పంపారు. ఇంత తేడా ఉన్నా రెండు కథల్ని పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు ఒకటే కనపడుతుంది. గద్దె మీదున్నవాడి చెవిలో పడ్డ సలహాలు ఒకే తీరువి. వాటిని ఇక్కడ పట్టీగా రాస్తున్నాను. మాటలు నేను కూర్చినవి, నడిచిన నడత మాత్రం చరిత్రలో ఉన్నదే. ఇందులో ఏ ఒక్కటీ పాటించదగ్గది కాదు. సొసైటీ ప్రెసిడెంటు అయినా, సర్పంచి అయినా, నీటి సంఘం అధ్యక్షుడైనా, యూనియన్ కార్యదర్శి అయినా, నలుగురి మీద పెత్తనం ఉన్నవాళ్ళు ఈ మాటలు తమ గుమ్మంలో వినపడగానే గుర్తుపట్టాలని నా కోరిక.

తేదీల గురించి ఒక్క మాట. అప్పటి రష్యా క్యాలెండరు మనకంటే 13 రోజులు వెనక నడిచేది. నేను మన లెక్కనే రాస్తున్నాను.

"అర్జీ పుచ్చుకోకండి, అలుసైపోతారు"

అన్నిటికంటే పెద్ద తప్పుడు సలహా ఇదే. మిగతావన్నీ దీని పిల్లలు.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని పుతిలోవ్ ఫ్యాక్టరీలో నలుగురు కార్మికుల్ని తీసేశారు. దానిమీద 1905 జనవరిలో సమ్మె మొదలై ఊరంతా పాకింది. గపోన్ అనే పాదిరీ కార్మికులందరి తరఫున చక్రవర్తికి ఒక అర్జీ రాయించాడు. రోజుకు ఎనిమిది గంటల పని, అందరి ఓట్లతో ఏర్పడే రాజ్యాంగ సభ, ఇలాంటివి అందులో అడిగారు. జనవరి 22 ఆదివారం. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు కూడా మంచి బట్టలు కట్టుకుని బయల్దేరారు. చేతుల్లో దేవుడి పటాలు, వాటితో పాటు చక్రవర్తి పటాలు. దారిపొడుగునా భజన పాటలు. చక్రవర్తి తమ తండ్రి అని, మధ్యలో ఉన్న అధికార్లే తమ గోడు ఆయనకు చేరనివ్వడం లేదని వాళ్ళ నమ్మకం.

ఆయన ఆ రోజు రాజధానిలోనే లేడు. ఊరి బయట త్సార్‌స్కొయె సెలోలో ఉన్నాడు. ఊరేగింపు వస్తోందని ముందురోజే తెలుసు. అర్జీ ఎవరు పుచ్చుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, సైన్యాన్ని ఎక్కడెక్కడ నిలబెట్టాలన్న ఆలోచన మాత్రం వచ్చింది. నార్వా గేటు దగ్గర, ప్యాలెస్ ముందర, వంతెనల దగ్గర కాల్పులు జరిగాయి. ప్రభుత్వం ఒప్పుకున్న లెక్కే 130 ప్రాణాలు. బయటివాళ్ళ లెక్కలు దానికి చాలా రెట్లు.

దీని తర్వాత ఇచ్చిన సలహా నన్ను ఇంకా ఎక్కువ బాధిస్తుంది. కొద్ది రోజులకు 34 మంది కార్మికుల్ని ఏరి, ప్రతినిధులని పేరుపెట్టి, చక్రవర్తి ముందుకు తీసుకెళ్ళారు. మీ తప్పు క్షమిస్తున్నానని ఆయన వాళ్ళతో అన్నాడు. చచ్చినవాళ్ళ తరఫువాళ్ళకు చంపినవాళ్ళ క్షమాభిక్ష! పన్నెండేళ్ళ తర్వాత ఆ ఊళ్ళోనే ఆయన రాజ్యం వారం రోజుల్లో పడిపోతే ఆయన కోసం వీధిలోకి వచ్చినవాళ్ళు దాదాపు లేరు. ఆ ఆదివారంనాడే పటాలు కింద పడిపోయాయి.

ఇప్పుడు మన వైపు చూడండి. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా జమీ రైతులు, కిసాన్ సభ వాళ్ళు 1,500 మైళ్ళు, 130 రోజులు నడిచారు. దారిలో ఊరూరా సభలు పెట్టుకుంటూ 1,100కు పైగా అర్జీలు పోగుచేశారు. 1938 మార్చి 27న వాటిని మద్రాసు శాసనసభకు అందించారు. అప్పటి రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. ఆయన అధ్యక్షతనే జమీందారీ విచారణ సంఘం పనిచేసింది. భూమి రైతుదేనని, శిస్తు 1802కు ముందున్న స్థాయికి దిగాలని ఆ సంఘం రాసింది. 1939లో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేయడంతో ఆ పని చట్టం దాకా రాలేదు, పదేళ్ళు ఆగాల్సి వచ్చింది. అయినా కృష్ణా జిల్లాలో జమీలు రైలుపెట్టెలో సంతకంతోనో నేలమాళిగలో తుపాకితోనో పోలేదు. అందుకు కారణాలు చాలా చెబుతారు. నా మటుకు నాకు ఆ 1,100 అర్జీలు పుచ్చుకునే చెయ్యి ఒకటి ఉండటమే మొదటి కారణం.

"నాటకం ఆడించాం, బడి పెట్టించాం, జనం మనవాళ్ళే"

మైలవరం పేరు చెబితే పాత తరానికి నాటకాలు గుర్తొస్తాయి. జమీందార్లు సూరానేనివారి ఆదరణలో నడిచిన బాలభారతి నాటక సమాజాన్ని జనం మైలవరం కంపెనీ అనేవాళ్ళు. యడవల్లి సూర్యనారాయణ లాంటి నటులు ఆ గూటి పక్షులు. తెలుగు రంగస్థలానికి ఆ దివాణం చేసిన మేలు చిన్నది కాదు, నేను దాన్ని తక్కువ చేయను. మునగాల రాజా నాయని వెంకట రంగారావు సంగతీ అంతే. హైదరాబాదులో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి ఆయన పోషకుడు. ఆయన దగ్గర దివానుగా పనిచేసింది సాక్షాత్తూ కొమర్రాజు లక్ష్మణరావు పంతులు. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకున్న మనిషి దివాను, గ్రంథాలయాలకు చెయ్యెత్తి ఇచ్చిన మనిషి రాజా. అంతటి పరగణాలోనూ వెట్టి ఉంది, అక్రమ వసూళ్ళున్నాయి. 1930లలో అక్కడి రైతులు నండూరి ప్రసాదరావు లాంటి కమ్యూనిస్టుల వెంట సత్యాగ్రహానికి దిగారు. పుస్తకాలిచ్చిన చేతిమీదే తిరగబడ్డారని అప్పుడు నొచ్చుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. పుస్తకం ఇవ్వడం దయ. రసీదు ఇవ్వడం బాకీ. దయ చూపించాం కాబట్టి బాకీ తీరిపోయిందనుకోవడమే ఈ సలహాలో ఉన్న మోసం.

మా బంధువుల ఇంట్లో ట్రంకు పెట్టెలో ఒక జమీ పట్టా చూశాను. అచ్చు ఫారం, ఖాళీలు సిరాతో పూరించారు. పైన ఫసలీ 1347, అంటే 1937–38. కింద గ్రామం, రైతు పేరు, తండ్రి పేరు, ఎకరాలు సెంట్లు, శిస్తు రూపాయలు అణాలు పైసలు, చివర దివాణం ముద్ర. వెనక్కి తిప్పితే కిస్తులు కట్టిన తేదీలు ఒకదాని కింద ఒకటి వేరువేరు చేతిరాతల్లో ఉన్నాయి. రెండు కిస్తుల దగ్గర తేదీ ఉంది, సంతకం లేదు. ఆ ఇంటి పెద్దాయన ఇప్పటికీ ఆ రెండు గీతల మీద వేలు పెట్టి చూపిస్తాడు. ఆ కిస్తులు కట్టామని వాళ్ళ తాతగారు చచ్చేదాకా చెప్పేవారట. ఏ నాటకాలు చూశారో, ఏ పండక్కి దివాణం నుంచి బట్టలొచ్చాయో ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. పడని సంతకాలు మాత్రం మూడు తరాలుగా గుర్తున్నాయి.

రష్యాలో ఇదే సలహా 1896 మేలో బయటపడింది. రెండో నికొలస్ పట్టాభిషేకం సందర్భంగా మాస్కో పక్కన ఖొదింకా మైదానంలో జనానికి కానుకలు పంచుతామన్నారు. ఒక ఎనామిల్ గ్లాసు, రొట్టె, ఇంత సాసేజి. రాత్రే లక్షల మంది వచ్చి చేరారు. మైదానం నిండా సైన్యం తవ్విన గోతులు, కందకాలు. తెల్లవారుజామున తొక్కిసలాటలో 1,300 మందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి ఫ్రెంచి రాయబారి ఇంట్లో విందు ఉంది. వెళ్ళకపోతే మిత్రదేశం నొచ్చుకుంటుందని బాబాయిలు చెప్పారు. కొత్త చక్రవర్తి వెళ్ళి నాట్యం చేశాడు. ఆస్పత్రులకు కూడా వెళ్ళాడు, బాధిత కుటుంబాలకు డబ్బూ ఇచ్చాడు. జనం నోట నిలిచిపోయింది విందే.

"మీరే స్వయంగా దిగండి, అన్నీ సర్దుకుంటాయి"

1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, రష్యా సైన్యం వెనక్కి వెనక్కి వస్తోంది. చక్రవర్తి పినతండ్రి వరసైన నికొలాయ్ నికొలాయెవిచ్‌ను తీసేసి తనే సేనాధిపతి అవుతానన్నాడు. అలా చేయొద్దని మంత్రుల్లో ఎక్కువమంది ఉత్తరం రాసి సంతకాలు పెట్టారు. ఇక మీదట ప్రతి ఓటమీ మీ పేరు మీదే పడుతుంది, రాజధానిలో మీరుండరు అన్నది వాళ్ళ భయం. చేసి తీరాలన్నది భార్య అలెగ్జాండ్రా, ఆమె నమ్మిన సాధువు రాస్పుతిన్. భార్య మాటే నెగ్గింది. ఆయన సేనాధిపతి మకాం ఉన్న మొగిల్యోవ్ వెళ్ళి కూర్చున్నాడు.

తోట గుత్తకిచ్చి విజయవాడలో కూర్చున్న ఆసామికి కాపు లెక్క గుత్తదారు చెప్పిందే లెక్క. మొగిల్యోవ్‌లో చక్రవర్తి పరిస్థితీ అదే అయింది. ఇంటి నుంచి భార్య ఉత్తరాలు, వాటిలో ఏ మంత్రిని తీయాలి, ఎవర్ని పెట్టాలి. పీటర్ చక్రవర్తిలా, భయంకర ఇవాన్‌లా గట్టిగా ఉండమని కూడా ఆమె రాసింది. ఏడాదిన్నర తిరక్కుండా నలుగురు ప్రధానమంత్రులు ఆ కుర్చీలో కూర్చున్నారు. రాస్పుతిన్ వల్లే రష్యా మునిగిందని సినిమాల్లో చూపిస్తారు. నేను ఒప్పుకోను. రాస్పుతిన్ లేకపోయినా ఆ చెవికి ఇంపైన మాట చెప్పేవాడు ఇంకొకడు దొరికేవాడు. 1914 ఫిబ్రవరిలో దుర్నోవో అనే మాజీ హోంమంత్రి, పక్కా రాజభక్తుడు, జర్మనీతో యుద్ధానికి వెళ్తే విప్లవం వస్తుందని పత్రం రాసి ఇచ్చాడు. ఆ కాగితం చేరాల్సిన చోటికి చేరింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"నాలుగు రోజుల అల్లరి, దానంతటదే చల్లారుతుంది"

1917 మార్చి 8, మహిళా దినం. పెట్రోగ్రాడ్‌లో, అంటే పేరు మారిన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, రొట్టె కోసం చలిలో గంటలకొద్దీ క్యూల్లో నిలబడ్డ ఆడవాళ్ళు, మిల్లు కార్మికురాళ్ళు వీధిలోకి వచ్చారు. మగవాళ్ళ ఫ్యాక్టరీల ముందు నిలబడి వాళ్ళనూ బయటికి పిలిచారు. మూడు రోజుల్లో ఊరంతా సమ్మె. రాజధాని సైన్యాధికారి ఖబాలోవ్‌కు మొగిల్యోవ్ నుంచి తంతి వచ్చింది. రేపటికల్లా ఈ గొడవ ఆపమని. పిండి ఎక్కడుంది, క్యూ ఎందుకుంది అన్న ప్రశ్న అందులో లేదు. మర్నాడు కాల్పులు జరిగాయి. ఆ తర్వాతి ఉదయం వొలీన్‌స్కీ రెజిమెంటు సిపాయిలు, అందులోనూ ముందురోజు కాల్చినవాళ్ళే, ఇక జనం మీద కాల్చేది లేదని తిరగబడ్డారు. ఆ సిపాయిల్లో ఎక్కువమంది పల్లెటూరి రైతుబిడ్డలు. క్యూలో నిలబడ్డ ఆడవాళ్ళలో తమ అమ్మను చూసుకున్నారు. రష్యా చట్టసభ దూమా అధ్యక్షుడు రొద్‌జియాంకో పంపిన హెచ్చరిక తంతుల్ని చక్రవర్తి చెత్త కింద జమకట్టాడంటారు.

లెనిన్ ఆ వారం జ్యూరిచ్‌లో ఉన్నాడు. జారును దించింది ఆయన పార్టీవాళ్ళు బోల్షెవిక్కులని మన కుర్రాళ్ళు ఇప్పటికీ పరీక్షల్లో రాస్తున్నారు. మాస్టార్లు దయచేసి దాన్ని కొట్టేయండి.

"ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం"

జారు తర్వాత వచ్చిన తాత్కాలిక ప్రభుత్వంలో చదువుకున్నవాళ్ళు, మంచివాళ్ళు చాలామంది ఉన్నారు. భూమి సంగతి రాజ్యాంగ సభ కూర్చున్నాక తేల్చుకుందామన్నారు. ఎన్నికలు వాయిదా మీద వాయిదా వేశారు. యుద్ధం మాత్రం వాయిదా వేయలేదు. యుద్ధమంత్రి కెరెన్‌స్కీ వేసవిలో కొత్త దాడికి సైన్యాన్ని పంపాడు. పల్లెల్లో రైతులు ఆగలేదు, దొరల భూములు వాళ్ళే పంచుకోవడం మొదలుపెట్టారు. నవంబరు 7న బోల్షెవిక్కులు అధికారం పట్టుకుని మర్నాడే భూమి డిక్రీ, శాంతి డిక్రీ చదివారు. ఎనిమిది నెలలు తర్వాత, తర్వాత అన్న మాటను లెనిన్ ఒక్క రాత్రిలో ఇప్పుడు అని మార్చాడు. ఆయన గెలుపులో సగం బలం అదే.

మన దగ్గరా తర్వాత అన్నారు. ప్రకాశం సంఘం రాసింది కాగితం మీద ఉండిపోయిన ఆ పదేళ్ళలో మద్రాసు రాష్ట్రపు ఎస్టేట్లలో కొందరు రైతు భూముల్ని సొంత కమతంగా చూపించుకున్నారు, అడవులు, ఉమ్మడి పోరంబోకులు చేతులు మార్చారు. 1947లో శిస్తుల తగ్గింపు చట్టం, 1948లో ఎస్టేట్ల రద్దు, 1949లో ప్రైవేటు అడవుల రక్షణ చట్టం వరసగా రావాల్సి వచ్చింది ఇందుకే. ఈ ఆలస్యంలోనే కృష్ణా జిల్లా పల్లెల్లో ఎర్రజెండా వేళ్ళు దిగాయి. 1934లోనే పుచ్చలపల్లి సుందరయ్య లాంటివాళ్ళు ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీ కట్టి ఉన్నారు. 1944లో విజయవాడలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిన గోర్కీ నవల "అమ్మ" చేతులు మారుతూ తిరిగింది. మైలవరం తొలినాటి ఎన్నికల్లో వెల్లంకి విశ్వేశ్వరరావును కమ్యూనిస్టుగానే శాసనసభకు పంపింది. మామిడి తోటల మధ్య ఊళ్ళకు రష్యా నుంచి ఎవరూ వచ్చి చెప్పలేదు. అర్జీ పెట్టి పెట్టి విసిగిన రైతు దగ్గరికి ఎవరు ముందు వస్తే వాళ్ళ మాట విన్నాడు.

"మనం గెలిచాం, ఇక ఎవరి మాటా వినక్కర్లేదు"

ఈ సలహా విన్నవాళ్ళు రాజులు కాదు, రాజుల్ని దించినవాళ్ళు. అందుకే దీన్ని రాయడం నాకు కష్టంగా ఉంది. ఈ జిల్లాలో వెట్టికి, అక్రమ వసూళ్ళకు ఎదురు నిలబడి లాఠీలు తిన్నవాళ్ళమీద నాకున్న గౌరవం ఎప్పటికీ తగ్గదు.

రష్యాలో 1917 నవంబరులో జరిగిన రాజ్యాంగ సభ ఎన్నికల్లో బోల్షెవిక్కులకు నాలుగో వంతు ఓట్లు కూడా పూర్తిగా రాలేదు. రైతుల ఓట్లతో సోషలిస్టు రివల్యూషనరీలు పెద్ద పార్టీగా వచ్చారు. 1918 జనవరి 18న సభ కూర్చుంది. కాపలా వాళ్ళు అలిసిపోయారని ఒక నావికుడు వచ్చి తెల్లవారుజామున సభను ముగింపించాడు. మర్నాడు మూసేశారు. సభ కోసం ఊరేగింపుగా వచ్చిన నిరాయుధులైన కార్మికుల మీద సభ కూర్చున్న రోజునే కాల్పులు జరిగాయి. గోర్కీ తన పత్రికలో దీన్ని 1905 ఆదివారంతో పోల్చి రాశాడు. "అమ్మ" రాసిన చెయ్యే అది కూడా రాసింది. మన దగ్గర మొదటిది చదివినంతమంది రెండోది చదవలేదు, చదవాలి.

1921 మార్చిలో క్రోన్‌స్టాట్ నావికులు, 1917లో విప్లవానికి వెన్నెముకగా నిలిచిన కోటవాళ్ళు, సోవియట్లకు స్వేచ్ఛగా ఎన్నికలు జరపాలని అడిగారు. మంచు గడ్డకట్టిన సముద్రం మీదుగా సైన్యాన్ని నడిపించి అణిచేశారు. అదే నెలలో పార్టీ మహాసభ రైతుల దగ్గర ధాన్యం లాక్కోవడం ఆపి పన్నుగా మార్చింది. బలవంతపు ధాన్యం వసూళ్ళ మీద జనం మొరపెట్టుకుంటున్నది అప్పటికి ఎన్నాళ్ళనుంచో.

మన వైపు ఈ సలహా 1948లో వచ్చింది. ఆ ఏడాది కమ్యూనిస్టు పార్టీ కలకత్తా మహాసభలో రణదివే నాయకత్వం దేశమంతా తిరుగుబాటు అంది. సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులోకి వచ్చి నిజాం లొంగిపోయాక కూడా తెలంగాణలో సాయుధ పోరాటం కొనసాగించాలన్నారు. నైజాం సరిహద్దు మైలవరం వాళ్ళకు పరాయి చోటేం కాదు, బంధుత్వాలన్నీ అటూ ఇటూనే. వద్దు, జనం అలిసిపోయారు, నిజాం పోయాక పరిస్థితి మారింది అని నల్గొండ నాయకుడు రావి నారాయణరెడ్డి వాదించారు. పోరాటం మొదలుపెట్టిన నాయకుల్లో ఒకరైన ఆయన మాటను మెత్తదనం కింద కొట్టేశారు. ఆ మూడేళ్ళలో ఎంతమంది కుర్రాళ్ళు అడవుల్లో పోయారో! చివరికి 1951 మొదట్లో నలుగురు నాయకులు మాస్కో వెళ్ళారు. అజయ్ ఘోష్, డాంగే, వాళ్ళతో మన కృష్ణా జిల్లా మంగళాపురం మనిషి చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. స్టాలిన్‌తో మాట్లాడి వచ్చారు. ఆ అక్టోబరులో పోరాటం విరమించారు. నల్గొండ నుంచి వచ్చిన మాట వినడానికి మాస్కో దాకా వెళ్ళి రావాల్సి వచ్చింది. 1952 ఎన్నికల్లో నల్గొండ రావి నారాయణరెడ్డికి మూడు లక్షలకు పైగా ఓట్లు వేసింది, నెహ్రూకు వచ్చినవాటికంటే ఎక్కువ.

పెత్తనంలో ఉన్నవాళ్ళకు నేను చెప్పాల్సింది చెప్పాను. అర్జీ పెట్టుకునేవాళ్ళకు ఒకటే చెబుతాను. సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇచ్చినా, పంచాయతీలో ఇచ్చినా, సొసైటీలో ఇచ్చినా, యూనియన్ ఆఫీసులో ఇచ్చినా రెండు కాపీలు రాయించండి. రెండో దానిమీద తేదీ, నంబరు, పుచ్చుకున్నవాళ్ళ సంతకం వేయించుకునే దాకా కౌంటరు ముందు నుంచి కదలకండి. తేదీ వేసి సంతకం తర్వాత పెడతామంటే ఒప్పుకోవద్దు.